విశాఖకు వచ్చేదెంత, విశాఖలో నిలిచేదెంత: సాంకేతిక మార్పును లెక్కగట్టే నమూనాల తీరు

2025లో విశాఖపట్నం చుట్టూ వరసగా పెద్ద ప్రకటనలు వచ్చాయి. జనవరి 8న పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం ₹1.85 లక్షల కోట్లు. అదే నెలలో ఉక్కు కర్మాగారానికి కేంద్రం ₹11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించారు. అక్టోబరు 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని చెప్పింది. ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ ‘ఇన్ని కోట్లు, ఇన్ని ఉద్యోగాలు’ అనే రెండు అంకెలు పక్కపక్కన కనబడతాయి. ఆ రెండింటి మధ్య ఒక నమూనా ఉంటుంది. దాన్ని ఎలా కట్టారో, అది ఎక్కడ విరుగుతుందో పాఠకుడికి ఎవరూ చెప్పరు.

ఆ నమూనాలు తరచూ ఒకేచోట విరుగుతాయి. ఒక పరిశ్రమ రూపాయి సరుకు తయారు చేయడానికి ఏయే సరుకులు ఎంతెంత వాడుతుందన్నది సాంకేతికతకు సంబంధించిన ప్రశ్న. ఆ సరుకుల్లో ఎంత భాగం ఈ ప్రాంతంలోనే కొంటుందన్నది వ్యాపారానికి సంబంధించినది. మొదటి దాన్ని వినియోగ నిష్పత్తి అందాం, రెండో దాన్ని స్థానిక వాటా అందాం. కొత్త సాంకేతికత వచ్చినప్పుడు ఈ రెండూ మారతాయి, వేర్వేరు వేగాలతో, ఒక్కోసారి వ్యతిరేక దిశల్లో. రెండింటినీ ఒకే అంకెలో కలిపేసిన నమూనా ఎంత పెద్దదైనా ప్రాంతం గురించి తప్పే చెబుతుంది.

చిన్న లెక్కతో ఇది తేలుతుంది. రెండే రంగాలు తీసుకుందాం: ఉక్కు, ఇంజినీరింగ్ వర్క్‌షాపులు. అంకెలు ఉదాహరణ కోసం ఎంచుకున్నవి. జాతీయ పట్టిక ప్రకారం రూపాయి ఉక్కుకు 20 పైసల ఉక్కు, 10 పైసల వర్క్‌షాపు పని కావాలి. రూపాయి వర్క్‌షాపు పనికి 30 పైసల ఉక్కు, 10 పైసల వర్క్‌షాపు పని కావాలి. ఒక రంగం గిరాకీ మిగతా రంగాలకు పాకి, వాటి నుంచి మళ్లీ తిరిగొచ్చేదంతా కలిపి లెక్కగట్టే లియాంటీఫ్ పద్ధతిలో ఈ పట్టికను విలోమం చేస్తే, ఉక్కుకు ₹100 కోట్ల గిరాకీ పెరిగినప్పుడు మొత్తం ఉత్పత్తి ₹144.9 కోట్లు పెరుగుతుంది. ఇక స్థానిక వాటా కలపండి. వాడే ఉక్కులో సగం, వర్క్‌షాపు పనిలో 70 శాతం మాత్రమే ఇక్కడిది అనుకుంటే నిష్పత్తులు 0.10, 0.15, 0.07, 0.07 అవుతాయి. మళ్లీ విలోమం చేస్తే వచ్చేది ₹121.0 కోట్లు. మొదటి 100 రెండింటిలోనూ ఉన్నదే. దానివల్ల అదనంగా పుట్టేది 45 నుంచి 21కి పడిపోయింది. జాతీయ పట్టికను నేరుగా విశాఖకు అంటించిన నివేదిక అదనపు ప్రభావాన్ని రెట్టింపుకు మించి చూపిస్తుందన్నమాట.

ఇప్పుడు సాంకేతిక మార్పు. యంత్రాలకు సెన్సర్లు బిగించి, చెడిపోకముందే పసిగట్టి బాగుచేసే పద్ధతి కర్మాగారంలోకి వచ్చిందనుకోండి. రూపాయి ఉక్కుకు కావలసిన మరమ్మతు, అంటే వర్క్‌షాపు పని, 10 పైసల నుంచి 6 పైసలకు తగ్గుతుంది. సెన్సర్లు, సాఫ్ట్‌వేర్, వాటి సర్వీసు బయటి నగరాల నుంచి వస్తాయి కాబట్టి ఆ మరమ్మతులో స్థానిక వాటా 70 శాతం నుంచి 50కి దిగుతుంది. అదనపు ప్రభావం 21.0 నుంచి 15.3కి పడుతుంది. ఈ 5.7 నష్టంలో దేని పాలు ఎంత? ముందు సాంకేతికతను మార్చి తర్వాత వాటాను మారిస్తే సాంకేతికతకు 4.0, వాటాకు 1.7 వస్తాయి. వరుస తిప్పితే రెంటికీ ఇంచుమించు 2.8 చొప్పున వస్తుంది. అందుకే రెండు వరుసలూ లెక్కగట్టి సగటు తీయాలి: సాంకేతికతకు 3.4, వాటాకు 2.3. ఒకే వరుస చేసి ఫలితం ప్రకటించిన నివేదికను నమ్మకూడదు, ఎందుకంటే వరుస ఎంచుకోవడంలోనే జవాబును ఎంచుకోవచ్చు. ఈ విభజన విధాన నిర్ణయాలకు నేరుగా పనికొస్తుంది. సాంకేతికత వల్ల పోయిన 3.4ను ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. వాటా వల్ల పోయిన 2.3ను మాత్రం ఆటోనగర్ కుర్రాళ్లకు సెన్సర్ల పని నేర్పించి తిరిగి తెచ్చుకోవచ్చు.

స్థానిక వాటా ఎక్కడా అచ్చులో దొరకదు. అందుకని చాలామంది స్థాన సూచికను వాడతారు: జిల్లా ఉపాధిలో ఒక రంగం వాటాను రాష్ట్ర ఉపాధిలో ఆ రంగం వాటాతో భాగించడం. ఫలితం 1 దాటితే ‘ఇక్కడ మిగులు ఉంది, అవసరమంతా ఇక్కడే కొంటారు’ అని భావిస్తారు. విశాఖలో ఈ భావన ఉక్కు దగ్గరే దెబ్బతింటుంది. ఉక్కులో విశాఖ సూచిక చాలా ఎక్కువ కాబట్టి హిందుస్థాన్ షిప్‌యార్డుకు కావలసిన ఉక్కంతా పక్కనే దొరుకుతుందని సూత్రం చెబుతుంది. కానీ విశాఖ ఉక్కు కర్మాగారం చేసేవి కడ్డీలు, వైరు రాడ్లు, స్ట్రక్చరల్స్. ఓడ పెంకుకు కావలసింది ప్లేట్లు, అవి ఇక్కడ రోల్ కావు. ఉక్కు బయటికి పోతూనే ఉంటుంది, ఉక్కు లోపలికి వస్తూనే ఉంటుంది. ఒకే రంగం పేరు కింద సాగే ఈ ఎదురెదురు రవాణాను సూచిక చూడలేదు. జాతీయ సరఫరా–వినియోగ పట్టికల్లో 140 ఉత్పత్తులు, 66 పరిశ్రమలు ఉన్నా ప్లేటునూ కడ్డీనీ విడదీసేంత సన్నగా అవి ఉండవు. ఇలాంటి నాలుగైదు కీలక సరుకులకు సూత్రం పక్కనబెట్టి కొనుగోలు విభాగాలను అడిగి తెలుసుకోవడమే దారి. పట్టికలో గళ్లు వేలల్లో ఉన్నా ఫలితాన్ని శాసించేవి కొన్నే. ఒక్కో గడినీ పది శాతం కదిపి గుణకం (రూపాయి గిరాకీకి పెరిగే మొత్తం ఉత్పత్తి) ఎంత కదిలిందో చూస్తే అవేవో బయటపడతాయి. సర్వే డబ్బు వాటి మీద పెట్టాలి.

లెక్కకు పునాది అయిన జిల్లా గణాంకాల్లోనూ గోతులున్నాయి. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ విశాఖలో మిగిలాయి. పరవాడ ఫార్మా సిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం, అచ్యుతాపురం సెజ్, పూడిమడక అనకాపల్లి జిల్లాకు వెళ్లాయి. అరకు కాఫీ అల్లూరి సీతారామరాజు జిల్లాది అయింది. 2011 జనాభా లెక్కల్లో 42.9 లక్షలున్న పాత జిల్లా స్థానంలో ఇప్పటి విశాఖ జిల్లా దాదాపుగా నగరమే. ఈ రెంటినీ ఒకే వరుసగా గీస్తే 2022లో వ్యవసాయం హఠాత్తుగా మాయమై, తలసరి ఆదాయం ఎగబాకి, ‘నిర్మాణాత్మక మార్పు’ జరిగినట్టు కనబడుతుంది. జరిగింది సరిహద్దు గీత జరగడమే. మూడు కొత్త జిల్లాలనూ కూడేస్తే సరిపోతుందా అంటే అదీ కుదరదు. 2022లో అల్లూరి జిల్లాలోకి పాత తూర్పు గోదావరి నుంచి రంపచోడవరం వైపు మండలాలు వచ్చి చేరాయి. మండల స్థాయి నుంచి మళ్లీ కూర్చి 2022కు ముందూ తర్వాతా ఒకే భూభాగం ఉండేలా వరుసను తిరగరాయాలి. విసుగు పుట్టించే పని. కానీ దాన్ని దాటేసిన ఏ రిగ్రెషన్‌కూ, అంటే గణాంకాల మధ్య సంబంధం తేల్చే ఏ లెక్కకూ, విలువ లేదు.

ఇంకో గొయ్యి దీనికన్నా లోతైంది. జిల్లా స్థూల ఉత్పత్తిలో కొన్ని భాగాలు జిల్లాలో కొలిచినవి కావు. రాష్ట్ర మొత్తాన్ని ఉపాధి వంటి సూచికల ఆధారంగా జిల్లాలకు పంచినవి. అలా పంచిన ఆదాయాన్ని అదే ఉపాధితో భాగించి ‘విశాఖ ఉత్పాదకత’ అంటే అన్ని జిల్లాలకూ ఒకే అంకె వస్తుంది, ప్రాంతాల మధ్య అంతరం చెరిగిపోతోందన్న ఆనందమూ వస్తుంది. ఏ రంగం విలువ కొలిచినదో, ఏది పంచినదో తెలుసుకోకుండా ఉత్పాదకత జోలికి పోకూడదు. రాత్రి వెలుగుల ఉపగ్రహ చిత్రాలను ప్రత్యామ్నాయంగా వాడేవారు రేవు దీపాలనూ రిఫైనరీ మంటనూ వేరుచేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక ఊరు చీకటైన రోజులను వదిలేయాలి.

సాంకేతిక మార్పును కొలవడానికి అందరికీ తెలిసిన పద్ధతి ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో చూపించినది: ఉత్పత్తి వృద్ధిలోంచి పెట్టుబడి పాలు, శ్రమ పాలు తీసేస్తే మిగిలిన శేషం సాంకేతిక ప్రగతి. దేశానికి ఇది కొంతవరకు పనిచేస్తుంది. ఒకటి రెండు మహా కర్మాగారాలు శాసించే ప్రాంతంలో ఆ శేషానికి అర్థం మారిపోతుంది. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేవు. ముడిసరుకూ నిర్వహణ మూలధనమూ అందక 2024లో కొంతకాలం మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది. అలాంటి ఏడాదికి ఊహా లెక్క ఒకటి వేద్దాం: ఉత్పత్తి 30 శాతం తగ్గింది, కార్మికులు 5 శాతం తగ్గారు, యంత్రాలు అలాగే ఉన్నాయి. శ్రమ వాటా 0.6, పెట్టుబడి వాటా 0.4 అయితే శేషం మైనస్ 27 శాతం. సాంకేతికత నాలుగోవంతుకు పైగా వెనక్కి పోయిందని సూత్రం అంటోంది. ఫర్నేసు మరిచిపోయిన విద్య ఏమీ లేదు, బొగ్గు లేదంతే. యంత్రాల వాడకం 45 శాతం తగ్గిందని కలిపితే శేషం మైనస్ 9కి వస్తుంది, అందులోనూ అధిక భాగం ఖాళీగా గడిచిన పనిగంటలదే. స్థాపిత సామర్థ్యానికి బదులు నడిచిన గంటలను వాడటం ఇక్కడ తప్పనిసరి.

ఉత్పత్తి పెరిగేకొద్దీ ఉత్పాదకతా పెరుగుతుందని చెప్పే వెర్డూర్న్ సూత్రానిదీ ఇదే కథ. ఉత్పత్తి వృద్ధి ఒక శాతం పెరిగితే ఉత్పాదకత వృద్ధి సుమారు అర శాతం పెరుగుతుందని దాని సారం. 1970లో ఆర్థికవేత్త కాల్డర్ దీన్ని ప్రాంతాలకు అన్వయించి, ముందున్న ప్రాంతం ఇంకా ముందుకెందుకు పోతుందో వివరించాడు. గిరాకీ ఉత్పత్తిని నడిపినంతకాలం ఈ చక్రం తిరుగుతుంది. ముడిసరుకు సరఫరాయే ఉత్పత్తిని ఆపేసినచోట తిరగదు. విశాఖ నమూనాలో వెర్డూర్న్ సమీకరణం రాసేవారు దాని పక్కనే సరఫరా పరిమితి కూడా రాయాలి.

భారీ పరిశ్రమలో సాంకేతికత ఏడాదికింత చొప్పున నున్నగా మారదు. 1990లో, 1992లో వెలిగిన మొదటి రెండు ఫర్నేసులకు 2010ల దశకంలో భారీ పునర్నిర్మాణం జరిగింది, మూడోది 2012లో వచ్చింది. లోపల వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ పొర పదిహేను ఇరవై ఏళ్లు ఆగుతుంది. కోట్లు పోసి కొత్త పొర వేశాక మధ్యలో ఫర్నేసును ఆర్పేసి వేరే పద్ధతికి మారాలని ఎవరూ అనుకోరు. కాబట్టి అసలైన నిర్ణయ కిటికీ మళ్లీ తెరుచుకునేది ప్రధానంగా 2030ల్లోనే. సగటు తరుగుదల రేటు వేసే నమూనా ఏటా ఐదు శాతం ఫర్నేసు హైడ్రోజన్‌కు మారినట్టు చూపిస్తుంది. అలాంటి వస్తువు ప్రపంచంలో లేదు. ప్రతి భారీ యంత్రానికీ పుట్టిన ఏడాది, తదుపరి పునర్నిర్మాణ ఏడాది రాసిన జాబితా నమూనాలో ఉండాలి. విశాఖలో ఆ జాబితా రెండు పేజీలు మించదు.

ఆ కిటికీ తెరుచుకునే నాటికి హైడ్రోజన్ సిద్ధంగా ఉన్నా భౌతిక పరిమాణాలు చూడాలి. హైడ్రోజన్‌తో ఇనుము తీయడానికి టన్నుకు 50 నుంచి 55 కిలోల హైడ్రోజన్ కావాలి. విశాఖ ఉక్కు 73 లక్షల టన్నుల వార్షిక సామర్థ్యానికి ఇది రోజుకు కనీసం 1,000 టన్నులు. పూడిమడక లక్ష్యం రోజుకు 1,500 టన్నులు, అందులోనూ అధిక భాగం మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటి ఉత్పన్నాల కోసం అనుకున్నది. ఉక్కుకు కావలసిన ఆ 1,000 టన్నులకు, కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల కరెంటు వేసుకున్నా ఏడాదికి 1,825 కోట్ల యూనిట్లు అవుతాయి. సింహాద్రి 2,000 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా ఒక్క క్షణం ఆగకుండా పూర్తి లోడుతో నడిచినా ఇచ్చేది 1,752 కోట్లే. ఉక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసుకు కావలసింది దీని మీద అదనం. ధరల సమీకరణాలు మాత్రమే ఉన్న నమూనాలో కార్బన్ పన్ను ఓ స్థాయి దాటగానే కర్మాగారం మొత్తం హైడ్రోజన్‌కు దూకేస్తుంది. ప్రతి రంగానికీ యూనిట్లు, టన్నులు, నీళ్ల లెక్క రూపాయల వరుస పక్కనే ఉంచితే ఆ దూకుడు అక్కడే ఆగుతుంది. సాంకేతికత మారినప్పుడు స్థానిక వాటా ఎటు పోతుందో కూడా ఇక్కడ ఆసక్తికరం. ఫర్నేసు కాల్చే కోకింగ్ బొగ్గులో అధిక భాగం దిగుమతి, దాని మీద పెట్టిన రూపాయి రేవు దిగుమతి కూలీ తప్ప ఇక్కడేమీ మిగల్చదు. పునరుత్పాదక కరెంటు రాయలసీమ నుంచో సముద్రతీరం నుంచో వస్తే ఆ రూపాయి కనీసం రాష్ట్రంలో ఉంటుంది. సెన్సర్ల ఉదాహరణలో రెండు అంకెలూ పడ్డాయి, ఇక్కడ వాటా పెరుగుతుంది.

చిన్న సంస్థల్లో మార్పు వేరే దారిలో వెళ్తుంది. వర్క్‌షాపుల్లో కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాల వంటివి ఒకర్ని చూసి ఒకరు కొంటారు. కొత్త వస్తువు ఎలా వ్యాపిస్తుందో లెక్కగట్టే, 1969 నాటి ఫ్రాంక్ బాస్ నమూనాలో దీనికి రెండు సంఖ్యలున్నాయి: ప్రకటనలు, సబ్సిడీల వంటి బయటి ప్రేరణ ఒకటి, చూసి అనుసరించడం రెండోది. పుస్తకాల్లో కనబడే 0.03, 0.38 సగటులు ఎక్కువగా గృహోపకరణాల అధ్యయనాల నుంచి వచ్చాయి. వాటితో అమ్మకాల శిఖరం ఆరేళ్లకే వస్తుంది. అప్పు, కరెంటు కనెక్షన్, ఆపరేటరు శిక్షణ అన్నీ కుదరాల్సిన యంత్రానికి 0.01, 0.25 లాంటివి నప్పుతాయి, శిఖరం పన్నెండేళ్లు దాటాకే. అసలు ప్రమాదం గరిష్ఠ పరిమితి దగ్గరుంది. ఈ రెండో జతతో ఐదో ఏట చేరేది 9 శాతమే. అప్పటికి 28 వర్క్‌షాపులు కొన్నాయంటే చివరికి కొనేవి 300 కావొచ్చు, బయటి ప్రేరణ సంఖ్య ఇంకా తక్కువైతే 1,000 కావొచ్చు. ఐదేళ్ల వరుస రెండింటికీ ఒకేలా సరిపోతుంది. గరిష్ఠాన్ని వరుస నుంచి పిండకుండా విడిగా లెక్కించాలి: ఏడాది పొడవునా యంత్రానికి పని ఇచ్చేన్ని ఆర్డర్లు ఎన్ని షాపులకు ఉన్నాయని.

ఫిషింగ్ హార్బరులో ఈ గీత మెట్లు మెట్లుగా ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఇంజన్ మార్చడం, బోటుకు కొత్త పరికరాలు బిగించడం ఆ రెండు నెలల్లోకి వస్తాయి. నెలవారీ లెక్క తీసుకుని నున్నటి గీత అతికిస్తే వేసవిలో విప్లవం, వానాకాలంలో స్తబ్ధత కనబడతాయి. అక్కడ ఏడాదికో బిందువే చాలు.

కొత్త రంగం పుట్టుకను మాత్రం ఈ పద్ధతులేవీ పట్టుకోలేవు, ఎందుకంటే పట్టికలో లేని గడికి నిష్పత్తి ఉండదు. దానికి ఇప్పుడు ప్రచారంలో ఉన్నది బంధుత్వ సూచిక: ఒక ప్రాంతానికి ఇప్పటికే తెలిసిన పనులకు దగ్గరి పనులే కొత్తగా అక్కడ మొలుస్తాయన్న భావన. పరవాడ ఫార్మా దీనికి చక్కగా సరిపోయినట్టు కనబడుతుంది. 1957లో రిఫైనరీ, 1967లో ఎరువుల కర్మాగారం, తర్వాత జింక్ స్మెల్టర్ వచ్చిన ఊళ్లో రసాయన విద్య ఉండటం సహజమే. కానీ కారణాల్లోకి వెళ్తే వేరే చిత్రం వస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద ఆంక్షలు బిగిశాక మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ సంస్థలు హైదరాబాద్ వెలుపల చోటు వెతికాయి. శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని పైపులో సముద్రంలోకి వదిలే వీలు పరవాడలో ఉంది. అంటే విద్య హైదరాబాద్‌ది, ఇక్కడ దొరికింది సముద్రం. సూచిక సరైన జవాబు చెప్పింది, తప్పు కారణంతో. అదే సూచికతో తర్వాతి రంగాన్ని ఊహిస్తే జవాబు కూడా తప్పొచ్చు. బంధుత్వాన్ని ఊళ్ల మధ్య కూడా కొలవాలి, వ్యర్థాల పారవేత, నీరు, రేవు లోతు వంటి వాటిని విడి చలరాశులుగా పెట్టాలి.

డేటా సెంటరు విషయంలో ఇవన్నీ ఒకచోట కలుస్తాయి. దాన్ని ‘ఐటీ’ గడిలో వేసి సాఫ్ట్‌వేర్ సేవల ఉపాధి నిష్పత్తితో గుణిస్తే లక్షల ఉద్యోగాలు తేలతాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖర్చులో జీతాలే ప్రధానం. డేటా సెంటరు ఖర్చులో ప్రధానం సర్వర్లు, కరెంటు, శీతలీకరణ. ఒక గిగావాటు 80 శాతం లోడుతో ఏడాదికి సుమారు 700 కోట్ల యూనిట్లు తాగుతుంది. కాబట్టి దాన్ని విడి రంగంగా, అదీ రెండు వరుసలుగా రాయాలి. నిర్మాణ దశలో సిమెంటు, కడ్డీ, కూలీ, అద్దె ఇళ్లు స్థానికం. విశాఖ ఉక్కు చేసే సరుకే కావాలి కాబట్టి వాటా బాగుంటుంది, అది నాలుగైదేళ్లలో అయిపోతుంది. నడిచే దశలో కరెంటు బిల్లు, నిర్వహణ, భద్రత, మనుషులు తక్కువ. సర్వర్ల మీద పెట్టిన డాలర్లు విశాఖ పెట్టుబడిగా నమోదై వేరే దేశపు ఫ్యాక్టరీకి చేరతాయి. దీర్ఘకాలంలో ఊరికి ఎక్కువ మేలు చేయగలిగింది సముద్రగర్భ కేబుల్ కావొచ్చు. ఇప్పటిదాకా దేశంలో ఆ పని ప్రధానంగా ముంబై, చెన్నైలది. కేబుల్ ఇక్కడ ఒడ్డెక్కితే డేటా మీద బతికే ఇతర సంస్థలకు ఖర్చు తగ్గుతుంది. మొదట్లో విలోమం చేసిన లాంటి ఇన్‌పుట్–అవుట్‌పుట్ పట్టిక గిరాకీ వైపు నుంచే చూస్తుంది కాబట్టి ఈ లాభం దానికి కనబడదు. దీన్ని ఖర్చు తగ్గుదల సమీకరణంగా విడిగా చేర్చాలి.

ఇంత కట్టాక నమూనా పనిచేస్తుందో లేదో వెనక్కి నడిపి చూడాలి. 2010 వరకున్న గణాంకాలే ఇచ్చి, ఆ తర్వాతి దశాబ్దాన్ని చెప్పమనాలి. ‘ఏమీ మారదు’ అనే మొండి అంచనా కన్నా అది మెరుగ్గా చెప్పకపోతే, ఎన్ని సమీకరణాలున్నా పక్కన పెట్టేయాలి. ఒక్కో సంస్థ, ఒక్కో మనిషి నిర్ణయాలను కంప్యూటరులో అనుకరించే ఏజెంట్ ఆధారిత నమూనాల్లో పదుల కొద్దీ మరలు తిప్పి గతాన్ని అచ్చుగుద్దినట్టు తెప్పించవచ్చు, అందుకే తిప్పడానికి వాడిన ఏళ్లు వేరు, పరీక్షించే ఏళ్లు వేరుగా ఉండాలి.

స్థానిక వాటా కొలవడానికి అవసరమైన ముడి సమాచారం ప్రభుత్వం దగ్గర ఇప్పటికే పోగవుతోంది. సాధారణంగా ₹50,000 దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు పుడుతుంది. అందులో ఎక్కడినుంచి ఎక్కడికన్న పిన్‌కోడ్లు, సరుకు రకం చెప్పే హెచ్ఎస్ఎన్ కోడు ఉంటాయి. ప్లేటుకూ కడ్డీకీ కోడ్లు వేరు. సంస్థల పేర్లు తీసేసి, పిన్‌కోడ్ల మధ్య సరుకులవారీ మొత్తాలు మాత్రం మూడు నెలలకోసారి విడుదల చేస్తే విశాఖ, అనకాపల్లి జిల్లాల స్థానిక వాటాలను ఊహించే అవసరం సరుకుల వరకు తీరిపోతుంది. సేవలకు ఈ-వే బిల్లు లేదు. మరమ్మతు, సాఫ్ట్‌వేర్, డిజైన్ వంటివాటికి ఇన్‌వాయిసుల్లో ఉండే సరఫరా స్థలం రాష్ట్రం పేరు వరకే చెబుతుంది, విశాఖదో విజయవాడదో చెప్పదు. సాంకేతిక మార్పు ఎక్కువగా తినేది ఆ సేవల వాటానే కాబట్టి వాటికి మాత్రం ఏటా వర్క్‌షాపుల మెట్లెక్కి అడగక తప్పదు.